శనివారం కొన్న రాగి గొట్టం

ముందే చెప్పేస్తున్నాను, ఇది వినాశనం కథ. ఇందులో ఒక ఫర్నేసుకి నూకలు చెల్లిపోతాయి, ఒక పెద్దమనిషికి నోట మాట పడిపోతుంది, ఒక ఉద్యోగం గడప దాకా వెళ్ళిపోయి చెప్పులు వేసుకుంటూ ఉంటుంది. ఇంత ఘోరానికీ కారణం తుఫానూ కాదు, వరదా కాదు, జానెడు రాగి గొట్టం. దాన్ని కొన్న మహానుభావురాలిని నేనే. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పటినుంచే మొదలుపెట్టవచ్చు, నేనేమీ అనుకోను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగు కాలేజీలో ఎం.టెక్ ఆఖరి ఏడు చదువుతున్నాను. పేరు సువార్త. మాది కొల్లేటి ఒడ్డున ఒక ఊరు. నాన్నగారు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు, మావయ్యకి చేపల చెరువులు. మా ఇంట్లో దేనికి లోటున్నా మర్యాదకి లోటు లేదు. నా విషయంలో అది కాస్త ముదిరి మొహమాటం అనే జబ్బుగా మారింది. బస్సులో ఎవరైనా నా కాలు తొక్కితే, "ఏవండీ, నా కాలు మీకు అడ్డం వచ్చిందాండీ?" అని నేనే అడిగేదాన్ని. హోటల్లో ఇడ్లీ అడిగితే వడ తెచ్చిపెట్టినా, వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని వడే తినేదాన్ని. నవ్వకండి, అసలు నవ్వాల్సింది ముందుంది.

నా ప్రాజెక్టుకి గైడు భాస్కరం గారు. అప్పట్లో ఒక కొత్త సూపర్ కండక్టర్ గురించి శాస్త్రజ్ఞులందరూ పండగ చేసుకుంటున్నారు. మెగ్నీషియం, బోరాన్ కలిపితే వచ్చే పదార్థం. దాన్ని బాగా చల్లబరిస్తే అందులోంచి కరెంటు ఒక్క పిసరు కూడా నష్టం లేకుండా పారుతుంది. స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చేలోపే కరెంటుకి ఆయాసం వచ్చే మా ప్రాంతంలో ఇది నమ్మే మాటేనా? మా మావయ్య మాత్రం వెంటనే నమ్మేశాడు.

"అయితే చల్లగా ఉంటే చాలా అమ్మా?" అన్నాడు.

"చాలు మావయ్యా. కానీ చాలా చల్లగా ఉండాలి."

"దానికి గూడెం ఎందుకే పిచ్చిపిల్లా! నా దగ్గర లారీడు ఐసు ఉంది. వచ్చెయ్."

"ఆ చలి సరిపోదు మావయ్యా."

"రెండు లారీలు తెప్పిస్తాను. ఇంకేం కావాలి?"

చిక్కంతా ఆ పదార్థం పెళుసుగా ఉండటంలో ఉంది. సుద్దముక్కని తీగలా సాగదీయగలమా? ఇదీ అంతే. అందుకని పొడిని ఒక లోహపు గొట్టంలో కూరి, రెండు మూతులూ నొక్కేసి, గొట్టంతో సహా సన్నటి తీగగా లాగి, అప్పుడు ఫర్నేసులో కాలుస్తారు. పూర్ణం బూరె అనుకోండి. లోపల పొడి పూర్ణం, పైన లోహం పిండి తొడుగు. తొడుగు చెయ్యాల్సిన పని ఒక్కటే: పూర్ణాన్ని పట్టుకుని కూర్చోవడం. దాన్ని తినకూడదు. ఇనుము అటువంటి బుద్ధిమంతురాలు. ఎంత వేడిలో పెట్టినా లోపలి మెగ్నీషియాన్ని దాదాపు పలకరించదు. రాగి అలా కాదు. వేడి తగిలిందంటే చాలు, మెగ్నీషియంతో చెట్టపట్టాలు వేసుకుని కరిగిపోతుంది. మెగ్నీషియం రాగిలోకి లేచిపోయాక లోపల బోరాన్ ఒక్కటే ఒంటరిగా మిగులుతుంది. సూపరూ ఉండదు, కండక్టరూ ఉండదు.

ఈ సంగతి భాస్కరం గారు నాకు నూరిపోశారు. "అమ్మా సువార్తా, తొడుగు ఇనుమే. నిద్రలో లేపి అడిగినా ఇనుమే," అనేవారు. నిద్రలో ఎవరూ లేపి అడగలేదు. పట్టపగలు, మెలకువగా ఉన్నప్పుడు అడిగారు, అదీ నా ఖర్మ.

సోమవారంనాడు హైదరాబాదు నుంచి పరిమళ గారనే నిపుణురాలు మా తీగ చూడటానికి వస్తున్నారు. ఆవిడకి నచ్చితే మా డిపార్ట్‌మెంటుకి మూడేళ్ళ ప్రాజెక్టు, అందులో నాకు రీసెర్చ్ ఉద్యోగం. నచ్చకపోతే మావయ్య చెరువుల దగ్గర లారీలకి ఎక్కే చేపలెన్నో, ఐసు ఎంతో చూసుకునే ఉద్యోగం. మావయ్య అప్పటికే నా కోసం తిరిగే కుర్చీ కూడా కొనేశాడు. కొన్నవాడు ఊరుకున్నాడా, ఫోను చేసినప్పుడల్లా "నీ కుర్చీ నీ కోసం ఎదురుచూస్తోందమ్మా" అనేవాడు. నాకు చేపల పులుసంటే ప్రాణం. అలాగని జీవితాంతం చేపల పక్కన కూర్చోమంటే ఎలాగండీ?

శుక్రవారం మధ్యాహ్నానికి పొడి కూరిన ఇనుప గొట్టం సిద్ధంగా ఉంది. దాన్ని తీగగా లాగడానికి మా వర్క్‌షాపులో ఒక చక్రం, రంధ్రాలున్న ఉక్కు పలకలు ఉండేవి. పెద్ద రంధ్రంలోంచి మొదలుపెట్టి చిన్న రంధ్రం దాకా మెల్లగా లాగుతూ పోవాలి. నాకు తోడు సత్యవతి, నా క్లాస్‌మేట్, ఉంగుటూరు రైతుబిడ్డ, చేతుల్లో బలం, నోట్లో నిజం రెండూ ఎక్కువే. ఇద్దరం ఉత్సాహంగా తిప్పాం. మధ్యలో రెండు రంధ్రాలు వదిలేసి ఒకేసారి చిన్నదానిలోకి దూకాం. గొట్టం ఫట్మని విరిగింది. పొడి సత్యవతి మొహాన పడి, ఆ పూటకి దాని రంగే మారిపోయింది.

అప్పటికే భాస్కరం గారు ఏలూరు వెళ్ళిపోయారు, తోడల్లుడి గృహప్రవేశానికి. వెళ్తూ వెళ్తూ, "ఆదివారం కాల్చేసి ఉంచమ్మా, సోమవారం పొద్దున్నే వచ్చేస్తాను," అన్నారు. పొడి ఇంకా మిగిలి ఉంది. కావలసింది ఇంకో గొట్టం. శనివారం పొద్దున్నే నేనూ సత్యవతీ బయల్దేరాం.

మార్కెట్ యార్డు దారిలో సూరిబాబు గారి హార్డ్‌వేర్ షాపు ఉండేది. రైసు మిల్లుల సామాను, ఫ్రిజ్ రిపేరు వాళ్ళకి గొట్టాలు, బోల్టులు అన్నీ అమ్మేవారు. తెల్ల చొక్కా, నుదుట విభూది, మాటలో తేనె.

"రండమ్మా, కూర్చోండి. ఏం కావాలండీ?"

"సన్నటి ఇనుప గొట్టమండీ. జానెడు ముక్క చాలండీ."

ఆయన లోపలికెళ్ళి అచ్చంగా నాకు కావలసిన గొట్టమే తెచ్చి బల్ల మీద పెట్టారు. నేను డబ్బులిచ్చి, పుచ్చుకుని, నోరు మూసుకుని వచ్చేస్తే ఈ కథ లేదు. ఆయన మర్యాదకి అడిగారు, "ఏం పనికండీ?" అని. మర్యాదకి అడిగితే మర్యాదగా చెప్పొద్దూ?

"సోమవారం నా ఉద్యోగం తేల్చే పరీక్ష ఉందండీ. దానికోసమండీ."

సూరిబాబు గారి చెయ్యి గొట్టం మీదే ఆగిపోయింది.

"మొదటి ఉద్యోగమాండీ?"

"అవునండీ."

"ఇవాళ ఏ వారమండీ?"

"శనివారమండీ."

"ఓలమ్మా! మొదటి ఉద్యోగం కోసం శనివారంనాడు ఇనుము కొంటారాండీ?" అని గొట్టాన్ని బల్ల మీదనుంచి తీసి వెనక్కి దాచేశారు. "నేనివ్వనండీ. నా చేతుల మీదుగా ఆ పాపం జరగనివ్వను."

"అదేంటండీ, ఇందాక మా ముందొచ్చిన ఆయనకి బోల్టులిచ్చారు కదండీ?" అంది సత్యవతి.

"అవి మిల్లుకండీ. శని పడితే మిల్లు మీద పడతాడు. మిల్లు తట్టుకుంటుంది. ఈ అమ్మాయిగారు తట్టుకుంటారాండీ?" అని నన్ను ఎగాదిగా చూశారు. నేనప్పుడు నిజంగానే బాగా సన్నగా ఉండేదాన్ని.

నా తురుపుముక్క బయటికి తీశాను. "మేం క్రైస్తవులమండీ. మాకు శనివారం పట్టింపు లేదండీ."

"మీకు లేకపోవచ్చమ్మా. శనికి ఆ తేడా తెలీదు కదండీ," అన్నారాయన, చాలా జాలిగా.

దీనికి ఏం జవాబు చెప్తారో మీరు చెప్పండి. నాకైతే సండే స్కూల్లో ఎవరూ నేర్పలేదు.

సత్యవతి నా మోచెయ్యి గిల్లింది. దాని ఇంట్లో వాళ్ళమ్మ శనివారాలూ, తిథులూ అన్నీ పాటిస్తారు, కానీ నాన్నా, ఇదీ పాటించరు. "మా నాన్న ట్రాక్టరే శనివారం కొన్నాడు. అడిగి తీసుకోవే," అంది గుసగుసగా. దాని గుసగుస ఉంగుటూరు దాకా వినబడుతుంది.

"ఆ ట్రాక్టరు ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగారు సూరిబాబు గారు.

సత్యవతికి అబద్ధం ఆడటం రాదు. "కాలవలో పడిందండీ," అంది.

"ఆయ్! చూశారా!"

"తీశామండీ! ఇప్పుడు బానే ఉందండీ!"

ఆయన వినిపించుకునే స్థితిలో లేరు. లోపలికి కేకేశారు. వాళ్ళావిడ రెండు గ్లాసుల మజ్జిగ పట్టుకొచ్చారు, అల్లం, కరివేపాకు వేసి. "పాపం, ఎండనపడి వచ్చారు. పిల్లకి మొదటి ఉద్యోగమట," అని ఆయన చెప్తే, ఆవిడ నా తల నిమిరారు. ఆ నిమరడంతో నా పని అయిపోయింది. ఎవరి మజ్జిగ తాగానో, ఎవరు నా తల నిమిరారో, వాళ్ళ మాట కాదని ఇనుము కొనడం నా వల్ల అవుతుందా?

"ఎదురుగా ఇంకో షాపు ఉందిగా," అంది సత్యవతి, ఆవిడ లోపలికెళ్ళగానే.

"ఆయన చూస్తూ ఉంటే ఎలా వెళ్తామే?"

"వెనక వీధిలోంచి వెళ్దాం."

"కనబడితే?"

"కనబడితే ఏమవుతుందే, ఉరేస్తారా?"

"బాధపడతారే."

సత్యవతి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. తప్పిపోయిన దూడని చూసినట్టు చూసింది.

ఈలోపు సూరిబాబు గారే నాకు దారి చూపించారు. ఫ్రిజ్ వాళ్ళ రాగి గొట్టం ముక్క ఒకటి తెచ్చి, పంచెతో తుడిచి, రెండు చేతులతో అందించారు. తళతళ మెరుస్తోంది. "ఇది తీసుకెళ్ళండమ్మా. రాగి. శుభ్రమైన లోహం. రాగి చెంబులో నీళ్ళు తాగితే ఒంటికెంత మంచిదండీ! అయినా కరెంటు తీగలు దేంతో చేస్తారండీ?"

"రాగితోనండీ."

"మరి?"

ఆ 'మరి'కి నా దగ్గర సమాధానం ఉంది. రెండేళ్ళుగా చదివినదంతా ఆ సమాధానమే. మెగ్నీషియం, రాగి కలిస్తే ఏమవుతుందో ఆ క్షణంలో గూడెం మొత్తంమీద నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు. నోరు తెరిచాను. "చాలా థాంక్సండీ," అన్నాను.

దారిలో ఏలూరుకి ఫోను చేద్దామని బూత్‌లోకి దూరాను. సారు గృహప్రవేశంలో పీటల దగ్గరుంటారు, ఆ టైములో పిలిపిస్తే ఏం బాగుంటుంది అనిపించింది. పెట్టేశాను. బయటికొచ్చేసరికి నా బుర్ర నాకే అడ్వకేటుగా మారిపోయి వాదిస్తోంది. లోపల నష్టం లేకుండా కరెంటు పారే పదార్థం, బయట మంచి కండక్టరు, ఇంతకన్నా ఏం కావాలి? కొంచెం కలిస్తే మాత్రం ఏం పోతుంది? పైన పూసినంత కలుస్తుంది, అంతే. ఇరుగుపొరుగు అన్నాక ఆ మాత్రం రాకపోకలు ఉండవా?

ఇంకో విషయం కూడా నా పతనానికి తోడ్పడింది. రాగి మహా మెత్తన. వారం రోజులు ఏడిపించిన ఇనుము ఎక్కడ, ఈ రాగి ఎక్కడ! పొడి కూరి, మూతులు నొక్కి, చక్రం తిప్పుతుంటే వెన్నలోంచి వచ్చినట్టు వస్తోంది తీగ. ఒక్క రంధ్రం కూడా వదల్లేదు, ఒక్క చోట కూడా విరగలేదు. సాయంత్రానికి ఎర్రగా, సన్నగా, పెళ్ళికూతురి వంకీకి పనికొచ్చేంత అందమైన తీగ తయారైంది. నేనూ సత్యవతీ ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకుని వర్క్‌షాపులో గిరగిరా తిరిగాం. "మనం మేధావులమే!" అన్నాను. "నాకు మొదటినుంచీ అనుమానంగానే ఉంది," అంది అది. దేని గురించి అనుమానమో అప్పుడు అడగలేదు.

ఆదివారం పొద్దున్నే తీగని ముక్కలు చేసి, పింగాణీ పడవలాంటి చిన్న పళ్ళెంలో పేర్చి, ఫర్నేసు గొట్టంలోకి తోశాను. ఫర్నేసు గొట్టం గురించి రెండు మాటలు చెప్పాలి. తెల్లగా, నున్నగా, ఏనుగు దంతంలా ఉండే ఆ పింగాణీ గొట్టాన్ని భాస్కరం గారు ఎన్నో ఏళ్ళు వెంటపడి తెప్పించుకున్నారు. వారానికోసారి స్వయంగా తుడుచుకునేవారు. మాకెవరికీ ఆ తుడిచే భాగ్యం ఉండేది కాదు. లోపల గాలి లేకుండా వెల్డింగ్ షాపు నుంచి తెచ్చిన సిలిండరుతో ఆర్గాన్ వాయువు పంపించి, ఎనిమిది వందల డిగ్రీలకి పెట్టి, సత్యవతిని కాపలా ఉంచి నేను గుడికెళ్ళాను. గుడి అంటే చర్చి, మా వైపు మేం అలాగే అంటాం. పాటల బృందంలో నాది ముందు వరస.

పాస్టరు అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టారు. నేను కళ్ళు మూసుకుని తీగ కోసం ప్రార్థిస్తున్నాను. తలుపు దగ్గర ఏదో కదిలితే కళ్ళు తెరిచాను. సత్యవతి! జుట్టు రేగిపోయి, వగరుస్తూ, నాకేసి చేతులూపుతోంది. మా అయ్యగారికి ఒక మంచి అలవాటుంది. కొత్తవాళ్ళు వస్తే ప్రసంగం ఆపి మరీ పలకరిస్తారు.

"కొత్తగా వచ్చిన సోదరికి అందరం వందనాలు చెప్దాం," అన్నారు.

"వందనాలు!" అంది సంఘమంతా ఒక్క గొంతుతో.

సత్యవతి బిక్కచచ్చిపోయి చేతులు జోడించింది. "వందనాలండీ."

"సంకోచించవద్దమ్మా. దేనికోసం వచ్చారు?"

"సువార్త కోసమండీ. అర్జెంటండీ."

"హల్లెలూయా!" అని గుడి దద్దరిల్లింది. ముందు వరసలో ఒక మామ్మగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇద్దరు పెద్దలు వెళ్ళి సత్యవతిని చెరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు కూర్చోబెట్టారు. అది నాకేసి తిరిగి, పెదవులు కదుపుతూ "పొ...గ... పొ...గ..." అంటోంది. పాపం, పెద్దవాళ్ళు అంత ఆప్యాయంగా పట్టుకుంటే విదిలించుకోలేకపోయింది. మొహమాటం అంటువ్యాధని నాకు ఆరోజే తెలిసింది. ఆఖరికి పాట మధ్యలో ఇద్దరం తలుపుకేసి పరుగెత్తాం.

మేం వెళ్ళేసరికి ఆర్గాన్ బయటికి పోయే గొట్టం చివర బూడిదరంగు పొగ, నింపాదిగా చుట్ట కాల్చుకుంటున్న తాతగారిలా వస్తోంది. ఫర్నేసు ఆపేసి, చల్లారేదాకా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక మూత తీసి లోపలికి టార్చి వేశాను.

తీగ లేదు.

అంటే ఎక్కడికో పోలేదు, లోపలే ఉంది. కానీ దాన్ని తీగ అనడానికి మనసొప్పదు. బాణలిలో బూరె పగిలితే పూర్ణం నూనెలో కలిసి, మాడి, అడుగంటి ఎలా ఉంటుందో అలా ఉంది. మెగ్నీషియం రాగిని తినేసి, రాగి మెగ్నీషియాన్ని తినేసి, రెండూ కరిగి, కన్నాలు పడ్డ తొడుగుల్లోంచి కారి, పళ్ళేన్ని దాటి, భాస్కరం గారి ఏనుగుదంతాన్ని కరుచుకుని గడ్డకట్టాయి. ఆ తెల్లటి గొట్టం లోపలంతా మసి.

"మెల్లగా లాగితే వచ్చేస్తుందేమోనే," అన్నాను.

సత్యవతి మెల్లగానే లాగింది. ఉంగుటూరు మెల్లగా. టప్మని చప్పుడైంది. ఫర్నేసు గొట్టం సగం దాని చేతిలో ఉంది, సగం ఫర్నేసులో ఉంది. నా ఉద్యోగం ఏ సగంలో ఉందో తెలీలేదు. చేపల వాసన మాత్రం స్పష్టంగా వచ్చింది. నేల మీద చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. సత్యవతి కాసేపు ఓదార్చి, తరవాత ఎందుకొచ్చిందో తెలీదు, నవ్వడం మొదలుపెట్టింది. దాన్ని చూసి నేనూ నవ్వాను. చెక్కిళ్ళ మీద కన్నీళ్ళు, చేతిలో మాడిన బూరె, ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాం. వాచ్‌మన్ కిటికీలోంచి చూసి, మాకు పొగ తలకెక్కిందనుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్నే భాస్కరం గారు గృహప్రవేశం లడ్డూలు పట్టుకుని దిగారు. "తీగ తయారేనా అమ్మా?"

"తయారేనండీ. కాకపోతే తీగలా లేదండీ."

"మరెలా ఉందమ్మా?"

"మీరు ముందు కూర్చోండి సార్."

కూర్చున్నారు. గుడ్డ తీసి చూపించాను. ఆయన మాడిన ముద్దని చూశారు. విరిగిన గొట్టాన్ని చూశారు. లడ్డూల పొట్లం మెల్లగా పక్కన పెట్టారు. చాలాసేపటికి మాట వచ్చింది.

"సువార్త గారూ," అన్నారు.

మా సారు కోపమొస్తే అరవరు, 'గారూ'లోకి దిగుతారు. అంతకన్నా కొట్టినా బాగుండు.

"ఇది రాగి కదండీ?"

"రాగేనండీ."

"నేను మీకు ఏం చెప్పానండీ?"

"ఇనుమండీ. కానీ శనివారమండీ."

"శనివారమైతే?"

"సూరిబాబు గారు బాధపడతారనండీ."

"సూరిబాబు గారెవరండీ?"

మొత్తం చెప్పాను. మజ్జిగతో సహా. ఆయన వింటూ వింటూ నుదురు పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో పరిమళ గారు. పొడుగ్గా, నేతచీరలో, మొహంలో నవ్వన్నది ఎప్పుడూ అద్దెకైనా దిగినట్టు లేదు. రైలు టైముకే వచ్చింది, ఆ ఒక్కరోజే మా ప్రాణానికి.

"నమస్కారం. తీగ చూపిస్తారా?"

"ముందు టిఫిన్ చెయ్యండి మేడమ్. ఉప్మా పెసరట్టు," అన్నారు సారు.

"తీగ చూశాక తింటానండీ."

"లడ్డూ అయినా తీసుకోండి మేడమ్. గృహప్రవేశం లడ్డూ."

"తీగ అండీ."

మా సారు నాకేసి చూశారు, నేను సారుకేసి చూశాను. ఆ చూపుల్లో నాకో సత్యం బోధపడింది: ఆయనకీ నా జబ్బే ఉంది. ఇద్దరు మొహమాటస్తుల మధ్య నిజం చెప్పే పని సత్యవతి మీద పడింది. "ఇదేనండీ తీగ. మాడిపోయిందండీ," అని ముద్ద తీసి ఆవిడ చేతిలో పెట్టేసింది.

పరిమళ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "దీన్ని తీగ అనరు," అన్నారు. తరవాత, "కోసి, నున్నగా సానపెట్టి తీసుకురండి, మైక్రోస్కోపులో చూద్దాం," అన్నారు. చచ్చిన తీగకి పోస్టుమార్టం ఎందుకా అనుకుంటూనే కోసి, సానపెట్టి, అద్దం కింద పెట్టాను. ఆవిడ కన్ను ఆనించారు. ఆనించిన కన్ను తియ్యలేదు. లడ్డూకి చీమలు పట్టాయి, అయినా తియ్యలేదు.

"నువ్వు చూడమ్మా," అన్నారు చివరికి.

చూశాను. అంచున ఎర్రటి రాగి. దాని పక్కన లేత పసుపు పొర, ఆ పక్కన వెండిలాంటి పొర, మధ్యలో నల్లగా మిగిలిపోయిన బోరాన్. ఎవరు ఎవరిని ఎంత దూరం తిన్నారో గీతలు గీసినట్టు కనబడుతోంది. నా సర్వనాశనం ఇంత అందంగా ఉంటుందని నేననుకోలేదు. ఒక్క క్షణం ఏడుపు కూడా మర్చిపోయి, "ఈ పసుపు పొర దగ్గరే ముందు కరగడం మొదలై ఉంటుందండీ. అయిదొందల డిగ్రీల లోపే," అనేశాను.

"ఎంత వేడి ఇచ్చావు? ఎలా పెంచావు? ఎక్కడ ఆపేశావు?" ఆవిడ అడుగుతూ పోయారు, నేను చెబుతూ పోయాను. ఆ పదినిమిషాలూ నాకు మొహమాటం గుర్తే రాలేదు. చివర్లో ఆవిడ అసలు ప్రశ్న వేశారు.

"ఇంత తెలిసినదానివి, రాగి ఎందుకు ఎంచుకున్నావు?"

భాస్కరం గారు గొంతు సవరించుకుని, "అంటే మేడమ్, శాస్త్రీయంగా పోల్చి చూడాలనే ఉద్దేశంతో..." అని మొదలుపెట్టారు. నన్ను కాపాడటానికి ఆ మనిషి అబద్ధం ఆడటానికి కూడా సిద్ధపడ్డారు.

"కాదండీ," అన్నాను. "శనివారం ఇనుము కొనకూడదన్నారండీ, కాదనలేకపోయానండీ."

ఎంతకీ నవ్వని మొహం మొదట చెవుల దగ్గర కదిలింది. తరవాత బుగ్గలు. తరవాత పరిమళ గారు స్టూలు మీద కూలబడి, కళ్ళజోడు తీసేసి, చీరకొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వారు. కథంతా అడిగి విని, ట్రాక్టరు కాలవలో పడ్డ దగ్గర మళ్ళీ చెప్పించుకుని మళ్ళీ నవ్వారు. నవ్వి నవ్వి, మామూలు మొహం పెట్టుకున్నాక అన్నారు, "తీగ ప్రాజెక్టు మీకు ఇవ్వలేనండీ భాస్కరం గారూ. తీగ లేదు కదా."

అయిపోయింది. నేను మనసులో తిరిగే కుర్చీలో కూర్చుని ఒకసారి తిరిగాను కూడా.

"కానీ ఇంకోటి ఉంది," అన్నారావిడ. "తొడుగు లోహం, లోపలి పొడి ఎలా కలుస్తాయి, ఎక్కడ మొదలవుతుంది, ఎంత లోతుకి పోతుంది అని చూసే పని. మూడేళ్ళు. ఎవరిని అడిగినా రావడం లేదండీ. అందరికీ మంచి తీగ చేసి ఫొటో దిగాలనే ఉంటుంది. పాడుచేసి చూడటానికి ఎవరికీ మనసొప్పదు. మీ అమ్మాయికి ఇది సహజంగా వచ్చినట్టుంది. ఈ అమ్మాయి చేస్తానంటే మీకే ఇస్తాను. కొత్త ఫర్నేసు గొట్టంతో సహా."

భాస్కరం గారు కొత్త గొట్టం అన్న మాట దగ్గరే కుర్చీలోంచి లేచిపోయారు. "చేస్తుందండీ! మా సువార్త చేస్తుంది!" అన్నారు. 'గారు' ఎగిరిపోయింది. నేను ఆవిడ కాళ్ళకి దండం పెట్టబోయి, మా వాళ్ళలో అలవాటు లేదని గుర్తొచ్చి, మధ్యలో ఆగి, కిందపడిన పెన్ను వెతుకుతున్నట్టు నటించాను. సత్యవతి చీమలు దులిపి లడ్డూలు పంచిపెట్టింది.

ఆవిడ రైలెక్కాక సారు నన్ను పిలిచి, "అదృష్టం బాగుండి బయటపడ్డాం. ఇంకెప్పుడూ ఇలాంటి పని చెయ్యనని ఒట్టెయ్యమ్మా," అన్నారు. నేను సగం గొట్టం మీద కుడిచెయ్యి వేసి, నిటారుగా నిలబడి, "ఇక నా జన్మలో రాగి గొట్టంలో మెగ్నీషియం పొయ్యను, పోసినా కాల్చను, దేవుని తోడు," అన్నాను. సత్యవతి ఆమెన్ అంది. సారు తృప్తిగా తల పంకించారు.

ఉద్యోగంలో చేరిన రోజున కొత్త చీర కట్టుకుని ల్యాబుకి వెళ్ళాను. భాస్కరం గారు తల గోక్కుంటూ ఎదురొచ్చారు. నా మొహంలోకి చూడకుండా, "అమ్మా సువార్తా, పరిమళ గారు మొదటి పని చెప్పారు," అని కొత్త ఫర్నేసు పక్కనున్న పెట్టె తెరిచారు. పెట్టె నిండా తళతళలాడే రాగి గొట్టాలు. "ఆరోజు ఏం చేశావో అచ్చంగా అదే మళ్ళీ చెయ్యాలట. ఒక్కొక్కటి ఒక్కొక్క వేడిలో. ఏదీ బాగా రాకూడదట."

మూడేళ్ళపాటు నెలనెలా జీతం పుచ్చుకుంటూ అదే తప్పు చేశాను. అంత శ్రద్ధగా జీవితంలో ఏ మంచి పనీ చెయ్యలేదు. నా ఒట్టు సంగతి దేవుడు అడిగితే ఏం చెప్పాలా అని కొన్నాళ్ళు దిగులుపడ్డాను గానీ, తరవాత దాన్ని కొంచెం సవరించుకున్నాను. సవరించిన ప్రమాణాన్ని మీ అందరి సమక్షంలో మళ్ళీ ఒకసారి గంభీరంగా చేస్తున్నాను, వినండి: ఎవరెంత బతిమాలినా, ఎవరెంత మజ్జిగ పోసినా, జీతం ఇవ్వకుండా మాత్రం రాగి గొట్టంలో మెగ్నీషియం పొయ్యను.